స్థానిక స్వాతంత్ర్యమును, పరిపాలనా సాధనములును
(వైశాలియందలి కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘ సభలలో కవిత్వమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు నన్ను పరిపాలనను గూర్చి మాటలాడుమని కోరినపుడు కొంత సంకోచించితిని. ఆదివారము నాడు కూడ ఆఫీసు గొడవయేనా యని మీరు విసుగుకొందురేమో యని నా భయము. కాని మన సభ్యులలో పెక్కుమంది పగలెల్ల కేంద్ర కార్యాలయములలో కూర్చుండి దేశమందలి ఊళ్లకు, పట్టణములకు వర్తించు పథకములు వ్రాయువారు, వానికి నిధులు విడుదల చేయువారు, లెక్కలు తనిఖీ చేయువారు. సాయంకాలము మెట్రోరైలు దిగి వైశాలికి చేరి, మరియొకరు వ్రాసిన పథకముల క్రింద కాపురముండువారు. ఒకే మనిషి పగలు పథకకర్త, రాత్రి పథకభోక్త. ఇట్టి శ్రోతలు దొరకుట వక్తకు అదృష్టము. కావున సాహసించి ఈ విషయమును ఎత్తుకొనుచున్నాను.

వైశాలి యను పేరు చెవిని బడగానే చరిత్ర చదివినవారికి బీహారమునందలి లిచ్ఛవుల నగరము స్ఫురించును. బుద్ధభగవానుని కాలమున అచ్చటి వజ్జిగణములు సభ కూడి, కలసి యోచించి, తమ వ్యవహారములను తాము చక్కబెట్టుకొనెడివని బౌద్ధ వాఙ్మయము చెప్పుచున్నది. మన వైశాలి ఆ వైశాలి కాదు. ఇది హిండన్ నదికి ఢిల్లీ వైపున ఘజియాబాదు అభివృద్ధి సంస్థ వెలయించిన నివాసస్థలము. పేరు మాత్రము గణరాజ్యమునుండి వచ్చినది. పేరుతోబాటు ఆ గణమునకుండిన అధికారములో ఎంత భాగము మనకు సంక్రమించినది? మన వీధి చెత్త, మన కుళాయి నీరు, మనము పీల్చు గాలి, వీని విషయమున నిర్ణయము ఎవరిది? నిర్ణయము చేయువారి చేతిలోనున్న సాధనములెట్టివి? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

మొదట సాధనములనగా నేమో చెప్పవలెను. ప్రభుత్వము ఏ పని తలపెట్టినను నాలుగు రకముల సాధనములతో చేయునని బ్రిటిష్ పండితుడు క్రిస్టఫర్ హుడ్ 1983లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. మన భాషలో చెప్పవలెనన్న, అవి వార్త, ఆజ్ఞ, ధనము, యంత్రాంగము. చెత్తనే ఉదాహరణముగా గైకొందము. తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయుడని గోడలమీద వ్రాయించుట వార్త. వేరుచేయనివారికి జుల్మానా విధించుట ఆజ్ఞ. ఇంటికింత యని రుసుము వసూలుచేయుట, వేరుచేసిన వారికి ఇంటిపన్నులో రాయితీ యిచ్చుట ధనమునకు సంబంధించిన సాధనములు. పారిశుద్ధ్య సిబ్బందిని నియమించి, బండ్లు కొని, ప్రతి ఉదయమును గుమ్మము ముందుకు పంపుట యంత్రాంగము. పని యొకటియే; సాధనములు నాలుగు. ప్రతి సాధనమునకును ఖర్చు వేరు, ఫలితము వేరు, ప్రజలు దానిని సహించు తీరు వేరు.

పాఠ్యగ్రంథములలో సాధనములను ఎన్నుకొను పద్ధతి చక్కగా వ్రాయబడి యుండును. గుణదోషములను తూచి, ఖర్చును లాభమును బేరీజు వేసి, ఉత్తమమైన దానిని గైకొనవలెనట. ఇది అంగడిలో వస్తువు కొనువాని పద్ధతి. పురపాలక సంఘమునకు ఆ అంగడిలో ప్రవేశమెక్కడిది? దాని అలమారలో ఏ పనిముట్టున్నదో దానితోనే పని కానిచ్చును. పన్నురేటు నిర్ణయించు హక్కు లేనిచో జుల్మానాలమీదను, లైసెన్సు రుసుములమీదను ఆధారపడును. సిబ్బందిని నియమించుకొను హక్కు లేనిచో కాంట్రాక్టరును ఆశ్రయించును. నియమములు చేయు అధికారము లేనిచో ప్రచారపత్రములు పంచును. ఈ మూడును లేనిచో పై అధికారులకు మహజరులు వ్రాయుచు కాలక్షేపము చేయును. కావున ఒక పట్టణము ఎన్నుకొనిన సాధనమును చూచి, ఆ పాలకుల తెలివిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, వారికి లభించిన స్వాతంత్ర్యమెంతయో విచారింపవలెను. నేను చెప్పదలచిన ముఖ్యాంశమిదియే.

దీనికి నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన చుట్టునున్న మూడు పాలనలను పరికింపుడు. వైశాలినుండి కొద్ది కిలోమీటర్లలో ఒకప్రక్క ఢిల్లీ, ఒకప్రక్క నోయిడా, మన ఊరు ఘజియాబాదు. వాన ఒకటే, ధూళి ఒకటే, జనుల అలవాట్లు ఇంచుమించు ఒకటే. పాలనాసాధనములు మాత్రము మూడు తీరులు.

నోయిడా 1976లో ఉత్తరప్రదేశ్ పారిశ్రామికప్రాంతాభివృద్ధి శాసనము క్రింద ఏర్పడిన ప్రాధికార సంస్థచే పాలింపబడుచున్నది. అచ్చట ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు, మేయరు లేడు, కౌన్సిలరు లేడు. రాజ్యాంగము 243-క్యూ అధికరణమునందే పారిశ్రామిక పట్టణములకు ఇట్టి మినహాయింపునకు చోటున్నది. ఆ సంస్థ చేతిలోనున్న మహాసాధనము భూమి. స్థలములను 90 ఏండ్ల కౌలుకిచ్చి, కౌలు సొమ్ముతోను, కేటాయింపుల రాబడితోను, కౌలు షరతులతోను ఊరిని నడపును. ఇతర నగరములలో వలె ఇంటిపన్ను వేయదు. ఓటరు లేనిచోట పన్నుదారుని సమ్మతితో పనిలేదు. కౌలుదారుని సంతకముతోనే పని. రోడ్లు విశాలముగా నుండవచ్చును, ఉద్యానములు పచ్చగా నుండవచ్చును. కాని తనకు నచ్చని నిర్ణయమును ఓటుతో మార్చుకొను మార్గము ఆ ఊరివానికి లేదు.

ఢిల్లీ నగరపాలక సంస్థకు ఎన్నికైన సభ కలదు. పార్లమెంటు 1957లో చేసిన శాసనము ననుసరించి 1958 ఏప్రిల్ 7న అది ఏర్పడినది. ఇంటిపన్నులో అద్దె అంచనాల వివాదములు తొలగించుటకై 2004 నుండి కాలనీలను ఎనిమిది తరగతులుగా విభజించి, వైశాల్యమును బట్టి పన్ను కట్టు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇది మంచి సాధనమే. కాని ఆ నగరమందు నేల ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థది, నీరు జలమండలిది, పోలీసు కేంద్రప్రభుత్వముది. సంస్థ రూపమే తన చేతిలో లేదు. 2012లో మూడు ముక్కలైనది. 2022 మే నెలలో పార్లమెంటు శాసనముచే మరల ఒకటియైనది. చీలుటయు, కూడుటయు నగరము కోరి చేసుకొన్నవి కావు.

ఇక మన ఘజియాబాదు. పురపాలక సంఘముగా నుండి 1994లో నగరపాలక సంస్థయైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము నగర జనాభా 16 లక్షల పైచిలుకు. మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. ఇది విని సంతోషింపవచ్చును. కాని కార్యనిర్వాహకాధికారము రాష్ట్రప్రభుత్వము నియమించు కమీషనరుది. ఇంటిపన్ను శాతమునకు కనిష్ఠ గరిష్ఠ పరిమితులను రాష్ట్రశాసనమే విధించినది. మేడకు ప్లాను మంజూరుచేయునది అభివృద్ధి సంస్థ. ఆ మేడ నుండి వచ్చు చెత్తను ఎత్తునది నగరపాలక సంస్థ. విద్యుత్తు మరియొక సంస్థది. 2011 జూలై 14న మన వైశాలికి వచ్చిన మెట్రోరైలు ఢిల్లీ మెట్రోవారిది. కాలనీ నిర్మించిన సంస్థ దానిని నగరపాలక సంస్థకు అప్పగించువరకు వీధిదీపము వెలగని బాధ్యత ఎవరిదను వివాదము తెగదు. పొరుగున ఇందిరాపురమువారు దీనిని ఏండ్ల తరబడి అనుభవించిరి. ఇట్లు అధికారము ముక్కలైనచోట ఏ సంస్థయు మూలమును సవరించు సాధనమును పట్టలేదు. ఎవరికి వారు తమ పరిధిలోని చిన్నపనిముట్టుతో గీకుచుందురు.

ఈ సమస్య క్రొత్తది కాదు. దీనిని తెలుగువారు నూరేండ్ల క్రిందటనే ప్రాణములకు తెగించి ఎదుర్కొనిరి. గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల గ్రామములు అప్పుడొక యూనియనుగా నుండెడివి. మదరాసు ప్రభుత్వము వానిని పురపాలక సంఘముగా మార్చెను. పన్నులు సాలీనా సుమారు 4,000 రూపాయలనుండి 30,000 రూపాయలపైకి పెరిగెను. జనాభా దాదాపు 15,000. అందులో నేతపని వారును, కూలివారును మెండు. పురపాలక సంఘము వలదని వారు ఎంత మొరపెట్టుకొన్నను ప్రభుత్వము వినలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకత్వము వహించిరి. 1921లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించి శాంతముగా శిక్ష అనుభవించుట యొకటి, ఊరు విడిచి పురపాలక సంఘపు ఎల్లలు దాటిపోవుట రెండు, ఈ రెండు మార్గములను సూచించెను. వారు రెండవదానిని వరించిరి. ఇండ్లు, వాకిళ్లు విడిచి, ఎల్లకావల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి సుమారు పదునొకండు మాసములు కాపురముండిరి. తమలో తాము సభ నేర్పరచుకొనిరి, తగవులు తీర్చుకొనిరి. తుదకు గోపాలకృష్ణయ్యగారు నిర్బంధింపబడుటచేతను, ధనాభావముచేతను, ఆ పేదజనము తిరిగి ఊరు చేరక తప్పలేదు.

చీరాల కథను మనము స్వాతంత్ర్యోద్యమమున నొక ఘట్టముగా చదువుకొన్నాము. పరిపాలనా పాఠముగా చదువుట అరుదు. పురపాలక సంఘమనునది స్థానిక స్వపరిపాలన సంస్థయే కదా! లార్డ్ రిప్పన్ 1882లో చేసిన తీర్మానము నాటినుండి దానిని ప్రజలకు ప్రభుత్వము ప్రసాదించిన వరముగా చెప్పుచుండిరి. ఆ వరమును చీరాల ప్రజలేల తిరస్కరించిరి? స్వపరిపాలన యను పేరున వారికి సంక్రమించినది పన్ను చెల్లించు బాధ్యత మాత్రమే. ఆ పన్ను ఉండవలెనో వలదో, ఎంత ఉండవలెనో, దానితో ఏమి చేయవలెనో నిర్ణయించు హక్కు సంక్రమింపలేదు. సంస్థ ఉన్నంత మాత్రమున స్వాతంత్ర్యము ఉన్నట్లు కాదను సత్యమును ఆ నేతగాండ్రు గ్రహించిరి. సమ్మతి లేని పన్ను ఎంత సక్రమమైన సాధనమైనను పనిచేయదు. ప్రజలచేతిలో వేరు సాధనమేదియు లేనప్పుడు ఊరు విడుచుటయే వారి సాధనమైనది.

స్వాతంత్ర్యానంతరము మన ఆంధ్రప్రదేశము ఈ రంగమున ముందడుగు వేసినది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో నివేదిక నిచ్చినది. 1959 అక్టోబరు 2న రాజస్థానమున నాగౌరులోను, 11వ తేదీన మన మహబూబునగరం జిల్లా షాద్‌నగరులోను నెహ్రూపండితుడు పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. సమితులు, జిల్లాపరిషత్తులు వెలసినవి. గ్రామములలో ఉత్సాహము పొంగినది. అయితే సమితి బడ్జెటులో మూడువంతులకు మించి ఏ పద్దు క్రింద ఎంత ఖర్చుపెట్టవలెనో ముందే అచ్చైన పట్టికలో నుండెడిది అన్నట్లు ఆనాటి కార్యకర్తలు చమత్కరించెడివారు. నూతులకు ఇంత, కోళ్లకు ఇంత, పొగలేని పొయ్యిలకు ఇంత. ఊరికి నుయ్యి వలదు, బడి కావలెనన్నచో ఆ పద్దులో వీలు లేదు. అధికారము క్రిందికి దిగినది గాని, ఎంపిక పైననే మిగిలినది.

వృత్తిపన్ను కథ ఇంకొక నిదర్శనము. హైదరాబాదులోనో, విజయవాడలోనో పనిచేసినవారికి నెలజీతములో ఈ కోత అనుభవమే. రాజ్యాంగము 276వ అధికరణము దీనిని స్థానిక సంస్థల ప్రయోజనమునకు గూడ ఉద్దేశించినది. పూర్వము పురపాలక సంఘములును, పంచాయతీలును దీనిని తామే వసూలుచేసికొనెడివి. 1987 శాసనముతో ఆ పని రాష్ట్రప్రభుత్వము స్వీకరించి, స్థానిక సంస్థలకు వాటా పంచు పద్ధతి వచ్చినది. వసూళ్లు పెరిగియుండవచ్చును. కాని తన ఊరి వర్తకునితో, వైద్యునితో, వకీలుతో లెక్క చూచుకొని, ‘ఇదిగో నీ పన్ను, ఇదిగో నీ రోడ్డు’ అని చెప్పగల సంబంధము తెగిపోయినది. పైగా గరిష్ఠపరిమితి 1988లో సాలుకు 2,500 రూపాయలుగా సవరింపబడి, ధరలు ఎన్ని రెట్లు పెరిగినను అచ్చటనే నిలిచినది. అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీయదు అను మన సామెత ఈ సందర్భమునకే పుట్టినదా అనిపించును.

1992లో 73వ, 74వ రాజ్యాంగ సవరణలు వచ్చినవి. పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయములు, పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు 18 విషయములు పేర్కొనబడినవి. అయిదేండ్లకొకమారు ఎన్నికలు, స్త్రీలకు మూడవవంతు స్థానములు, రాష్ట్ర ఆర్థికసంఘము, ఇవన్నియు గొప్ప సంస్కరణలు. కాని ఆ విషయములను అప్పగించు క్రియాపదమును రాజ్యాంగకర్తలు ‘అప్పగింపవచ్చును’ అని వ్రాసిరి, ‘అప్పగింపవలెను’ అని వ్రాయలేదు. ఆఫీసు పని చేయు మనకు ఈ రెండు మాటలకు గల దూరమెంతయో వేరే చెప్పనక్కరలేదు. కేరళరాష్ట్రము 1996లో ప్రణాళికా వ్యయములో 35 నుండి 40 శాతమువరకు స్థానిక సంస్థలకు వదలిపెట్టి, గ్రామసభలలో ప్రణాళికలు వ్రాయించినది. అదే రాజ్యాంగము క్రింద ఇతర రాష్ట్రములు అంత దూరము పోలేదు.

ఇటీవలి కాలమున సాధనముల ఎంపికపై పైవారి ప్రభావము షరతుల రూపమున ప్రవహించుచున్నది. 2020లో కరోనా మహమ్మారివలన రాష్ట్రముల ఆదాయములు పడిపోయినపుడు కేంద్రము వానికి అదనపు ఋణములు తెచ్చుకొనుటకు అనుమతించినది. అందులో కొంతభాగమునకు సంస్కరణల షరతు పెట్టినది. స్థిరాస్తుల మార్కెట్టు విలువతో ముడిపెట్టి ఇంటిపన్నుకు కనీసరేట్లు ప్రకటించుట ఆ షరతులలో నొకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శాసనమును సవరించి, అద్దెవిలువ పద్ధతిని మాని, 2021 ఏప్రిల్ 1 నుండి మూలధనవిలువ పద్ధతిని అమలుపరచినది. పన్ను పెంపు ఏడాదికి 15 శాతము మించరాదని హద్దు పెట్టినది. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అను చర్చలోనికి నేను పోను. రెండువైపుల వాదములు కలవు. గమనింపవలసినదేమన, ఋణము కావలసినది రాష్ట్రమునకు, షరతు పెట్టినది కేంద్రము, పన్ను పేరు పురపాలక సంఘముది, చెల్లించువాడు పౌరుడు. గుడివాడలోనో, తాడేపల్లిగూడెములోనో కౌన్సిలు సమావేశమై ‘మన ఊరికి ఏ పద్ధతి తగును’ అని యోచించు అవసరమే రాలేదు.

ఋణమనునది స్వాతంత్ర్యమునకు గీటురాయి. సొంత రాబడి లేనివానికి అప్పు పుట్టదు. ఇది మనిషికెంత నిజమో నగరమునకును అంతే. 2018 ఫిబ్రవరిలో మహాహైదరాబాదు నగరపాలక సంస్థ 8.9 శాతము వడ్డీకి 200 కోట్ల రూపాయల ఋణపత్రములు విక్రయించినది. అదే సంవత్సరము డిసెంబరులో మహావిశాఖ 10 శాతమునకు 80 కోట్లు తెచ్చుకొన్నది. మన ఘజియాబాదు 2021లో 8.1 శాతమునకు 150 కోట్లు సమకూర్చుకొన్నది. ఈ చివరిదానిని గూర్చి వైశాలివాసులు తెలిసికొనదగిన విశేషమున్నది. మన ఇండ్లనుండి పోవు మురుగునీటిని మరల శుద్ధిచేసి, దినమునకు నాలుగుకోట్ల లీటర్ల చొప్పున సాహిబాబాదు కర్మాగారములకు విక్రయింపవలెనని ఆ పథకము. కర్మాగారములు భూగర్భజలమును తోడరాదని ఆజ్ఞ ఇచ్చుట ఒక సాధనము. వారికి వేరు నీరు చూపించి ధర కట్టుట వేరొక సాధనము. రెండవదానికి పెట్టుబడి కావలెను, పెట్టుబడికి ఋణము, ఋణమునకు తాకట్టుగా నిలువగల సొంత పన్ను రాబడి కావలెను. స్వల్పమైనను స్వాతంత్ర్యము ఉన్నచోట నగరము ఎంత నేర్పుగా ఆలోచింపగలదో దీనివలన తెలియుచున్నది. ఋణపత్రములు జారీచేసిన నగరములకు నూరుకోట్లకు 13 కోట్ల చొప్పున ప్రోత్సాహకము నిచ్చి కేంద్రమును ఇందుకు తోడ్పడినది. ఆజ్ఞకంటె ఈ తోడ్పాటు మేలైనదని నా అభిప్రాయము.

దేశాంతరములలోను ఇదే సూత్రము కనబడును. నగరమధ్యమునకు వచ్చు కార్లపై సుంకము విధించి రద్దీ తగ్గించుట ఒక ప్రసిద్ధ సాధనము. లండను మేయరుకు ఆ అధికారమును 1999 నాటి శాసనమే ఇచ్చియుండెను. 2003 ఫిబ్రవరి 17న అయిదు పౌనుల సుంకము అమలులోనికి వచ్చినది. న్యూయార్కు మేయరు 2007లో అదే యోచన చేసెను. ఆ నగరమునకు అట్టి అధికారము లేదు. రాష్ట్రశాసనసభ 2008లో దానిని ఓటుకు కూడ పెట్టకుండ విడిచినది. 2019లో రాష్ట్రము శాసనము చేయగా, 2025 జనవరి 5న గాని సుంకము మొదలు కాలేదు. స్టాక్‌హోములో పరనగరవాసులపై పురపాలక సంఘము పన్ను వేయరాదు గనుక, అది కేంద్రప్రభుత్వపు పన్నుగా 2007లో స్థిరపడినది. సాధనము ఒకటే; రద్దీ ఒకటే. వచ్చిన కాలము, వచ్చిన రూపము అధికారపు హద్దులను బట్టి మారినవి.

ఇంతవరకు స్థానిక స్వాతంత్ర్యమును సమర్థించితిని. దానికి గల హద్దులను చెప్పకున్నచో ఏకపక్షమగును. గాలికి మునిసిపల్ సరిహద్దులు లేవు. చలికాలమున మన పిల్లలు దగ్గుచున్నారన్న, ఆ పొగ ఘజియాబాదుది మాత్రమే కాదు, ఢిల్లీది మాత్రమే కాదు. హిండన్ నది సహరన్‌పురము దిక్కునుండి పట్టణముల మురుగును మోసికొని మనవద్దకు వచ్చును. ఎగువ ఊరు స్వతంత్రించి మురుగు వదలినచో దిగువ ఊరి స్వాతంత్ర్యమునకు అర్థమేమి? ధనికవాడలున్న నగరమునకు పన్నురాబడి దండి. పేద పట్టణమునకు స్వాతంత్ర్యమిచ్చినంత మాత్రమున డబ్బు పుట్టదు. స్థానిక పెద్దల పెత్తనము, కాంట్రాక్టరుల పలుకుబడి కూడ లేకపోలేదు. కావున పైప్రభుత్వము ఉండవలెను, హెచ్చుతగ్గులను సరిదిద్దవలెను, పొరుగువారి హక్కులను కాపాడవలెను.

అయితే పైప్రభుత్వమునకును తన చేతిలోని సాధనమే గతి. 2021 శాసనము ప్రకారము రాజధాని ప్రాంతమునకు వాయునాణ్యతా నిర్వహణ సంఘము ఏర్పడినది. గాలి చెడినకొద్ది దశలవారీగా ఆంక్షలు విధించును: కట్టడములు ఆపుడు, డీజిలు జనరేటర్లు నిలుపుడు, పాత తరగతి కార్లు తీయకుడు. ఆ సంఘమునకు రోడ్డు ఊడ్చు మనుషులు లేరు, నీరు చల్లు బండ్లు లేవు, బస్సులు లేవు. ఉన్నది ఆజ్ఞ. అందుచేత నిషేధమే దాని సహజసాధనమైనది. కట్టడము ఆగినపుడు తాపీకూలి పొయ్యి ఆరిపోవును. ఏడాది పొడవున వీధి దుమ్మును అణచగల నగరపాలక సంస్థకు చాలినంత యంత్రాంగమున్నచో ఆ నిషేధపు రోజులు తగ్గును గదా! పైన ఆజ్ఞ బలిసి, క్రింద యంత్రాంగము చిక్కినచోట ఆ భారము తుదకు బీదవాని మీద పడును. సాధనముల ఎంపిక కేవలము శాస్త్రచర్చ కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

లక్ష్యమును, హద్దులను పైవారు నిర్ణయింపవలెను. మార్గమును క్రిందివారికి వదలవలెను. గాలి ఇంత శుభ్రముగా నుండవలెనని శాసింపుడు; యంత్రముతో ఊడ్తురో, చెట్లు పెంతురో, పార్కింగు రుసుము పెంతురో నగరము తేల్చుకొననిండు. ఫలితమును లెక్కగట్టుడు. పదునైదవ ఆర్థికసంఘము 2021-26 కాలమునకు చిన్న పట్టణముల గ్రాంటులలో 40 శాతమును షరతు లేకుండ విడిచి, 60 శాతమును నీటికి, పారిశుద్ధ్యమునకు ముడివేసెను. పదిలక్షలు మించిన నగరములకు మొత్తము గ్రాంటునే గాలికి, నీటికి, పారిశుద్ధ్యమునకు ముడివేసెను. ఉద్దేశ్యము మంచిదే. కాని ముడి బిగిసినకొద్ది ఊరి ఆలోచన సన్నగిల్లును.

ఇక మనకు సంబంధించిన మాట. రాజ్యాంగము 285వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వపు ఆస్తులకు స్థానిక పన్ను వర్తింపదు. మన కార్యాలయములు, మన క్వార్టర్లు ఊరి రోడ్లనే వాడుకొనును, ఊరి మురుగుకాల్వలలోనికే నీరు వదలును. పన్నుకు బదులు సేవారుసుము చెల్లింపవలెనని చిరకాలముగా ఉత్తర్వులు కలవు. 2009లో సుప్రీంకోర్టు ఎదుట కుదిరిన ఒప్పందము ప్రకారము, సేవలు పూర్తిగా పొందినచో పన్నులో 75 శాతము, కొంత పొందినచో 50 శాతము, ఏమియు పొందనిచో మూడవవంతు చెల్లింపవలెను. ఆ బిల్లు ఎవరి బల్లపైనో ఉండును. అది మన బల్లయే కావచ్చును. దానిని ‘చర్చింపుడు’ అని వ్రాసి త్రిప్పి పంపినపుడు, ఒక పట్టణము తన పారిశుద్ధ్య కార్మికునికి జీతమీయలేక కాంట్రాక్టు వెదకుచున్నదని జ్ఞప్తియందుంచుకొనవలెను. అట్లే క్రొత్త పథకమునకు మార్గదర్శకసూత్రములు వ్రాయునపుడు, ‘ఈ పని ఇట్లే చేయవలెను’ అను వాక్యమును కొట్టివేసి, ‘ఈ ఫలితము రావలెను’ అని వ్రాయగలమేమో ఒక్కసారి యోచింపవలెను. దానికి మంత్రివర్గ నిర్ణయము అక్కరలేదు. ముసాయిదా వ్రాయువాని కలము చాలును.

పౌరులుగా కూడ మనకొక విధి కలదు. మనలో పలువురు లోక్‌సభకు ఓటు వేయుదురు. ఇంకను కొందరు ఊరికి పోయి శాసనసభకు వేసి వత్తురు. నగరపాలక సంస్థ ఎన్నిక వచ్చుసరికి ‘మనమెన్నాళ్లుందుము, బదిలీ రాదా’ అని ఊరకుందురు. ఉత్తరప్రదేశమున స్థానిక ఎన్నికల ఓటర్ల జాబితాను రాష్ట్ర ఎన్నికల సంఘము వేరుగా తయారుచేయును. శాసనసభ జాబితాలో పేరున్నంత మాత్రమున ఇందులో ఉన్నట్లు కాదు. 2023 మే నెలలో జరిగిన ఎన్నికలనాడు ఈ తేడా తెలిసి వెనుదిరిగినవారు ఎందరో. తదుపరి ఎన్నికకు ముందే ఆ జాబితాలో మన పేరు చూచుకొనుట, వార్డు సభ్యుని పేరు తెలిసికొనుట, నగరపాలక బడ్జెటులో మన వార్డుకేమి దక్కెనో అడుగుట, ఇవి మన సంఘము చేయదగిన పనులు. ఉగాది పచ్చడి పంచినట్లే ఓటరు నమోదు పత్రములను కూడ పంచవచ్చును. దానివలన సంస్కృతికి లోపము రాదు.

చీరాల ప్రజలు తమ ఊరిమీద తమకు అధికారము కావలెనని పదునొకండు నెలలు పాకలలో పడియుండిరి. మనకు అంత కష్టము లేదు. ఓటు ఉన్నది, బడ్జెటు అచ్చువేసిన కాగితమున్నది, ప్రశ్నించు హక్కున్నది. పైగా పథకములు వ్రాయు కలములలో కొన్ని మన చేతనే ఉన్నవి. ఊరికి అధికారము లేనిదే మంచి సాధనము చేజిక్కదు. ఊరివారు అడుగనిదే అధికారము దిగిరాదు. ఈ రెండు మాటలను మీ యోచనకు సమర్పించుచున్నాను.